గేటు దగ్గర డబ్బా మూత

పడుకుందామని లైటు తీసేసి మళ్ళీ లేచాను. ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున్న పనావిడ పని ముగించుకుని వెళ్తుంటే గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ అబ్బాయి ఆపాడు. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. సంచీ తెరవమన్నాడు. ఒక పాత చున్నీ, గొడుగు, నేనిచ్చిన ఉప్మా డబ్బా. డబ్బా మూత కూడా తీయమన్నాడు. ఆవిడ సంచీని పిట్టగోడ మీద పెట్టి, మూత తీసి చూపించి, మళ్ళీ నాలుగు వైపులా నొక్కి పెట్టుకుని వెళ్ళిపోయింది. పైకి చూడలేదు. ఆ వెనకే మూడో ఫ్లోరాయన కార్లో రెండు సూట్‌కేసులు వేసుకుని వెళ్తే అదే అబ్బాయి పరుగెత్తి గేటు తీశాడు.

అతన్ని అనడానికేం లేదు, చెప్పింది చేశాడు. నిన్న రాత్రే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో తీర్మానం అయిపోయిందట. సిటీలో క్రైమ్ రేటు పెరిగిపోయిందని ఎవరో ఒక లింకు పెట్టారు, కింద వరసగా అందరూ బొటనవేళ్ళు పెట్టేశారు. పనివాళ్ళ సంచీలు చూడాలి, డెలివరీ అబ్బాయిలు లిఫ్ట్ ఎక్కకూడదు, బ్యాచిలర్లకు ఇల్లు ఇవ్వకూడదు, వీధి మలుపులో బజ్జీల బండి తీయించేయాలి. ఈ నాలుగింటికీ ఆ లింకుకీ ఏం సంబంధమో నేనడిగితే జవాబు లేదు.

అసలు క్రైమ్ రేటంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులు నమోదయ్యాయన్న లెక్క. ఎన్ని నేరాలు జరిగాయన్నది కాదు. ఏటా ఆ లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ వాళ్ళు కూడా నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని తమ రిపోర్టులోనే రాస్తారు. ఆ నమోదు అన్న మాట దగ్గరే నాకు కడుపు మండేది.

అత్తయ్య మెడలో గొలుసు దొంగలు లాక్కెళ్ళిన సంగతి మీలో కొందరికి తెలుసు, ఆ తర్వాత పోలీస్ స్టేషన్లో జరిగింది ఎప్పుడూ రాయలేదు. అప్పుడు పాత ఇంట్లో ఉన్నాం. ధనుర్మాసం, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. అత్తయ్య ముగ్గేస్తోంది. బైక్ మీద ఇద్దరొచ్చి ఏదో అడ్రస్ అడిగారు. ఆవిడ చెప్దామని వంగినది వంగినట్టే తల ఎత్తింది. పుస్తెలతాడు మొదటి లాగుడుకి తెగలేదు, రెండోసారి ఈడ్చారు. నేను బయటికి వచ్చేసరికి ముగ్గు చిప్ప బోర్లాపడి ఉంది, ఆవిడ రెండు చేతులతో మెడ పట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఇస్త్రీ బండాయన బొగ్గులు రాజేసుకుంటున్నవాడు విసనకర్ర పడేసి మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తాడు. బండి నంబరులో చివరి రెండంకెలు, వెనక కూర్చున్నవాడి స్వెటర్ రంగు, అన్నీ ఆయనే చెప్పాడు.

స్టేషన్లో అవేవీ రాసుకోలేదు. బంగారానికి బిల్లు ఉందా అన్నారు. మామయ్యగారు పెళ్లిలో కట్టిన పుస్తెలతాడుకి బిల్లు ఎక్కడినుంచి తేవాలి? "లాక్కెళ్ళారని ఎందుకమ్మా, ఎక్కడో జారిపోయిందని రాసివ్వండి, పని తొందరగా అవుతుంది" అన్నారు. అత్తయ్య తడిగుడ్డ మెడకి అద్దుకుంటూ బెంచీ మీద, ఈయన టేబుల్ దగ్గర వాదిస్తూ, మధ్యాహ్నం దాకా అక్కడే. చివరికి అలసిపోయి వాళ్ళు చెప్పినట్టే రాసిచ్చి వచ్చాం. అంటే ఆ ఏడాది లెక్కల్లో మా వీధిలో గొలుసు దొంగతనం జరగలేదు. ఆ మెడ మీద గీత మాత్రం చాలా రోజులు మానలేదు.

ఇలాంటి ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని 2013లోనే సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లాక్కెళ్ళడానికి విడిగా 304 సెక్షన్ ఉంది, మూడేళ్ళ దాకా శిక్ష. వేరే స్టేషన్ పరిధి అయినా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. ఇప్పుడైతే నేను ఆ బెంచీ మీదనుంచి లేచేదాన్ని కాదు.

రాయడం మొదలుపెట్టినప్పుడు ఈ సెక్యూరిటీ హడావిడంతా వద్దనే అనుకున్నాను. ఇక్కడిదాకా వచ్చాక అంత గట్టిగా అనలేకపోతున్నాను. ఆ రోజు ఆ వీధిలో ఒక్క కెమెరా ఉండుంటే జారిపోయిందని రాయమనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు కదా. వందమందికి పైగా వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం వచ్చింది. వీధుల్లో పెట్టించుకోమని పోలీసులు కాలనీలకు చెప్తూనే ఉంటారు. మలుపులో కెమెరాకి చందా అంటే మొదట నేనే ఇస్తాను. కెమెరా దారినపోయే అందరినీ ఒకేలా చూస్తుంది. సంచీ మాత్రం ఒక్కరిదే తెరిపిస్తున్నారు, నా ఏడుపంతా అదే.

అత్తయ్య మాత్రం "దొంగ కాకపోతే చూపించడానికేం, చూడనీ" అంది. పోగొట్టుకున్న మనిషి, ఆవిడ భయం ఆవిడది. ఎదురు చెప్పలేకపోయాను. కానీ చిన్నది ఊరుకోలేదు. "నానమ్మా, మరి నా బ్యాగ్ చూస్తే?" అంది. "నీదెందుకు చూస్తారే!" అని కోప్పడింది ఆవిడ.

ఇంతకీ మా బిల్డింగులో ఈమధ్య నిజంగా దోపిడీ జరిగింది కింద ఫ్లోర్ పెద్దాయనకి. పార్సిల్లో డ్రగ్స్ దొరికాయని ఫోన్ చేసి, వీడియో కాల్లో పోలీసు డ్రెస్సు చూపించి, డిజిటల్ అరెస్ట్ అని బెడ్‌రూమ్‌లో కూర్చోబెట్టి ఎఫ్‌డీ లాగేశారు. అలాంటి అరెస్ట్ చట్టంలోనే లేదు. ఆయన కొడుకు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి మర్నాడైంది. వెంటనే చేస్తే డబ్బు ఇంకా ఖాతాల్లో ఉండగానే ఆపే వీలుంటుంది. ఆ నంబరు మాత్రం లిఫ్ట్‌లో ఎవరూ అంటించలేదు. రేపు నేనే ప్రింట్ తీసి అంటిస్తాను, పెద్ద అక్షరాలతో.

చిన్నది మెట్రో దిగి వచ్చేసరికి రాత్రి పదవుతోంది. ఆడపిల్లల్ని వేధించేవాళ్ళని పట్టుకునే పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచీ ఉన్నాయి, 100 ఉంది, అవన్నీ దాని ఫోన్లో ఉన్నాయి. అయినా అది గేటు లోపలికి వచ్చేదాకా నాకు టెన్షనే. మలుపులో స్ట్రీట్ లైట్ వెలగడం లేదు. అక్కడున్న ఒకే వెలుతురు బజ్జీల బండి బల్బు. బండావిడ నేను బాల్కనీలో నిలబడటం చూసి "వస్తోందమ్మా మీ పాప" అని కేకేస్తుంది. గ్రూపువాళ్ళు తీయించేస్తామంటున్నది ఆ బండినే.

ఆదివారం మీటింగ్ ఉంది. సంచీలు చూడటం ఆపాలి, బండి ఉండాలి, ఈ రెండూ కాగితం మీద రాసి సెక్రటరీగారికి ఇస్తాను. ఈయన గొడవలెందుకు, రానన్నారు. అత్తయ్య వస్తానంది. బండి విషయంలో ఆవిడ నావైపే, సంచీల విషయంలో ఇంకా తెలీదు. లైటు కంప్లైంట్‌కి స్తంభం నంబరు అడుగుతారట, పొద్దున్నే పాలకి దిగినప్పుడు ఫోటో తీసుకోవాలి.