దీపావళి ముందు కొలాబ్ నీళ్లలో పాలపుంత

కొరాపుట్ కొండల్లో నక్షత్రాల ఫొటోలు తీయాలని సాలూరు, సుంకి ఘాటు మీదుగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఏప్రిల్, మే నెలలు ఎంచుకుంటారు. పాలపుంత నడిబొడ్డు బాగా పైకి వచ్చేది అప్పుడే కాబట్టి. ఆకాశం ఒక్కటే తీసేటట్టయితే ఆ లెక్క సరే. కొలాబ్ రిజర్వాయర్ నీళ్లలో దాని నీడ (ప్రతిబింబం) కూడా కావాలంటే మాత్రం అది తప్పు కాలం. పోడు పొగ, సాయంత్రం ఉరుముల వాన, బాగా దిగిపోయిన నీటిమట్టం, ఒడ్డు పొడవునా ఎర్ర బురద, ఇవన్నీ ఒక ఎత్తు. అసలు చిక్కు నీటి స్వభావంలోనే ఉంది.

నీరు అన్ని కోణాల్లో ఒకే మోతాదులో కాంతిని వెనక్కి పంపదు. మన అక్షాంశం దాదాపు 18.8 డిగ్రీలు. ఇక్కడ పాలపుంత కేంద్రం దక్షిణాన అత్యధికంగా 42 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఆ ఎత్తు నుంచి పడిన వెలుగులో నీరు తిప్పి పంపేది 3 శాతమే, అంటే పైన ఉన్నదానికంటే 5 స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకూ వెలుగు సగమవుతుంది). అదే కేంద్రం 20 డిగ్రీలకు దిగితే 13 శాతం, అంటే 3 స్టాపుల తేడా. 10 డిగ్రీలకు దిగితే 35 శాతం, తేడా ఒకటిన్నర స్టాపు. ఆకాశంలో ఎంత కిందికి వాలితే నీళ్లలో అంత బాగా కనిపిస్తుందన్నమాట. పైనా కిందా ఒకే వెలుగుతో మెరిసిపోయే 'ప్రతిబింబం' ఫొటోలు నెట్‌లో బోలెడు. అందులో పాలపుంత బాగా ఎత్తున ఉంటే, అది పై సగాన్ని తిప్పి కింద అతికించిందేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

కాబట్టి కావలసింది ఇది: వానలు వెళ్లిపోవాలి, రిజర్వాయర్ నిండుగా ఉండాలి, చీకటి పడేసరికి పాలపుంత కేంద్రం కిందికి వాలి ఉండాలి, చంద్రుడు ఉండకూడదు. ఈ నాలుగూ కలిసేది అక్టోబరు నడుమ నుంచి నవంబరు మొదటి వారం దాకా. దీపావళి అమావాస్య పడేదీ దాదాపు ఆ రోజుల్లోనే. పండుగ రాత్రి మాత్రం వద్దు, టపాకాయల పొగ లోయలోనే కూర్చుంటుంది. బహుళ ద్వాదశి నుంచి చతుర్దశి దాకా ఏ సాయంత్రమైనా మేలు. పండుగ అయ్యాక విదియ వరకూ పర్వాలేదు. తదియ, చవితి నాటి సన్నని చంద్రుడు పడమటి నుంచి కొండల మీద కాస్త వెలుగు వేస్తాడు గాని, మనకు కావలసిన దిక్కున మనకు కావలసిన వేళకే ఉంటాడు. ఆ వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం ఏదైనా ఉందేమో చూసుకోవడం మరవద్దు.

టైము లెక్కలో మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. దేశమంతటి గడియారానికి ఆధారమైన 82°30′ తూర్పు రేఖ జయపురానికి కాస్త పడమటగా పోతుంది. అందుకని నక్షత్ర పటాల్లో స్థానిక సమయం అని ఇచ్చేది మన చేతి గడియారంతో దాదాపు సరిపోతుంది, కూడికలు తీసివేతలు అక్కర్లేదు. అక్టోబరు 15న పాలపుంత కేంద్రం రాత్రి 7 గంటలకు సుమారు 27 డిగ్రీల ఎత్తున, 8కి 17 డిగ్రీల దగ్గర, 8:45కి 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోజుకు 4 నిమిషాల చొప్పున ఈ వేళ ముందుకు జరుగుతుంది. నవంబరు 5కల్లా పూర్తి చీకటి పడే ఆరున్నరకే 18 డిగ్రీలకు దిగిపోతుంది, ఏడుంపావుకు 10. అంటే ముప్పావు గంట పని. చాచిన చేతి పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు, కొలుచుకోవడానికి అది చాలు. ఆకాశంలో గుర్తు కావాలంటే మూల నక్షత్రం. కేంద్రం దానికి కొంచెం పైన, ధనుస్సు వైపు ఉంటుంది. దిక్సూచిలో 230 నుంచి 235 డిగ్రీలు, అంటే నైరుతి. ఆ వేళకు పాలపుంత దాదాపు నిటారుగా నిలబడి అభిజిత్తు, శ్రవణాల మధ్యగా నడినెత్తికి పోతుంది, కాబట్టి కెమెరాను నిలువుగా పెట్టాలి.

నైరుతికి చూడాలంటే నీటికి తూర్పు ఒడ్డునో ఈశాన్య ఒడ్డునో నిలబడాలి. ఎగువ కొలాబ్ రిజర్వాయర్‌కు ఇది బాగా కుదురుతుంది. సునాబెడ, సిమిలిగూడ, దామంజోడి దీపాలన్నీ వీపు వెనక పడతాయి. జయపురం వెలుగు కుడిచేతి వైపు వాయవ్యంలో ఉండిపోతుంది. ఎదురుగా ఉండేవి కొండలే. అదే వేసవిలో ఉదయించే పాలపుంతను ఉత్తరపు ఒడ్డు నుంచి తీయాలని చూస్తే సరిగ్గా ఆ ఊళ్ల నారింజ వెలుగులోంచే పైకి వస్తుంది. ఇంకా చీకటి కావాలంటే జోలాపుట్ రిజర్వాయర్ ఉంది. నిండు మట్టం 2,750 అడుగులు, చుట్టూ పెద్ద ఊళ్లు లేవు, కాని దారి ఓపిక అడుగుతుంది. ఎక్కడైనా డ్యామ్ గట్టు మీద, పవర్‌హౌస్ దగ్గర ట్రైపాడ్ తీయవద్దు. కాపలావాళ్లు ఆపుతారు, ఆపడం వాళ్ల పని. దగ్గరి పల్లెలో వెలుగుండగానే ఒక మాట చెప్పి ఒడ్డుకు దిగితే సగం ఇబ్బందులు ఉండవు. వలలు ఎక్కడ వేశారో, ఏ వేళకు పడవలు టార్చిలైట్లతో తిరుగుతాయో కూడా తెలుస్తుంది.

ఒడ్డున అడుగుపెట్టాక అన్నిటికంటే ముఖ్యం కెమెరా ఎత్తు. పెద్ద నీటి మీద పూర్తిగా గాలి ఆగే సాయంత్రాలు తక్కువ, అందుకని చాలామంది నిరాశపడి వెనక్కి వెళతారు. నిజానికి రిజర్వాయర్ మొత్తం నిశ్చలంగా ఉండనక్కర్లేదు. 15 డిగ్రీల ఎత్తున ఉన్న నక్షత్రం నీడ, మనిషి ఛాతీ ఎత్తున (మీటరున్నర) పెట్టిన కెమెరాకు ఐదున్నర మీటర్ల దూరపు నీళ్లలోంచి కనిపిస్తుంది. కెమెరాను అర మీటరుకు దింపితే రెండు మీటర్ల లోపలి నీళ్లలోంచే. పది మీటర్ల ఎత్తు గట్టు మీద నుంచి తీస్తే దాదాపు 37 మీటర్ల అవతల, అలలు ఉన్న చోట. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా పరిచి, సెంటర్ కాలమ్ దించి, కొండ చాటున నీళ్లు లోపలికి చొచ్చుకువచ్చిన మూల చూసుకుని కూర్చుంటే, మనకు పనికొచ్చేది ముందున్న ఆ నాలుగైదు మీటర్ల మడుగే. దాని మీద నాచు, నురగ, మునిగిన మొద్దులు లేకుండా పగలే చూసుకోవాలి.

ఎర్రమట్టి ఒడ్డు పైకి గట్టిగా కనిపించినా కింద మెత్తగా ఉంటుంది. అరగంటలో ట్రైపాడ్ కాలు ఒకటి నెమ్మదిగా దిగిపోయి ఫ్రేము పక్కకు వాలుతుంది, తర్వాత నాయిస్ తగ్గించడానికి ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి కలపబోతే అంచులు కలవవు. మూడు కాళ్ల కిందా అరచేయంత చదునైన రాళ్లు పెట్టాలి. స్థిరత్వం కోసం ట్రైపాడ్‌కు సంచి వేలాడదీసే అలవాటు ఇక్కడ పనికిరాదు, బరువు పెరిగితే ఇంకా దిగుతుంది.

ఫోకస్ విషయంలో ఒక భ్రమ ఉంది. నీళ్లు రెండు మీటర్ల దూరంలోనే ఉన్నాయి కాబట్టి నీడ కోసం అక్కడ ఫోకస్ చేయాలని అనిపిస్తుంది. అక్కర్లేదు. నీళ్లలోని నక్షత్రం కూడా అనంత దూరంలో ఉన్నట్టే లెక్క. లైవ్ వ్యూలో అభిజిత్తును 10 రెట్లు పెద్దది చేసి, చుక్క వీలైనంత చిన్నది అయ్యేవరకు రింగును మెల్లగా తిప్పి, టేపు అంటించేయండి. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మవద్దు. ఒడ్డు రాళ్లు కూడా స్పష్టంగా కావాలంటే వాటికి వేరే ఫ్రేము తీయాలి. 20 మి.మీ. లెన్స్‌తో ఎఫ్/2 అపర్చర్ (లెన్స్ తెరుపు) దగ్గర ఆరేడు మీటర్ల లోపలిది ఎలాగూ మసకే.

ఇక ఎక్స్‌పోజర్. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించే పాత సూత్రం 20 మి.మీ.కు 25 సెకన్లు ఇస్తుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ మీద చుక్కలు గీతలవుతాయి. అపర్చర్, పిక్సెల్ పరిమాణం కూడా కలిపి లెక్కేస్తే వచ్చేది 12 సెకన్లు. 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరా మీద 16 మి.మీ., ఎఫ్/2 లెన్స్‌కూ దాదాపు అంతే. ఆకాశానికి ఐఎస్ఓ (కెమెరా కాంతిని పట్టే సున్నితత్వం) 3200, ఎఫ్/2, 12 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ 3,900 కెల్విన్ దగ్గర, రా ఫైలు, స్టెబిలైజేషన్ ఆఫ్. ఇవి 16 ఫ్రేములు ఆపకుండా తీయండి. కెమెరాలోని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి, లేకపోతే ప్రతి ఫ్రేముకూ అంతే సమయం తినేస్తుంది. ఉన్నదే ముప్పావు గంట. బదులుగా చివర లెన్స్ మూత పెట్టి అదే సెట్టింగులతో పది చీకటి ఫ్రేములు తీస్తే సరిపోతుంది.

నీళ్లకు వేరే ఫ్రేములు కావాలి: అపర్చర్ పూర్తిగా తెరిచి 40 సెకన్లు. సన్నని అలలు నీడను ఎలాగూ నిలువుగా కొంచెం సాగదీస్తాయి, కాబట్టి అక్కడ నక్షత్రం కదలిక కంటికి ఆనదు. కలిపేటప్పుడు చిక్కు ఇంకోటి. పడమటికి పోయే చుక్కలు ఆకాశంలో కిందికి దిగుతుంటే వాటి నీడలు నీళ్లలో పైకి ఎక్కుతుంటాయి. సీక్వేటర్, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆకాశాన్ని బట్టి ఫ్రేములు సర్దితే నీళ్ల సగం చెరిగిపోతుంది. ఆ సగాన్ని కత్తిరించి, తలకిందులు చేసి, మరో ఆకాశం అనుకుని వేరుగా కలపాలి. చుక్కలు మసకై ప్రోగ్రాము పట్టుకోలేకపోతే నాలుగు ఫ్రేముల సగటుతో సరిపెట్టుకోండి. చివరికి నీళ్లను ఆకాశం కంటే కనీసం ఒక స్టాపు తక్కువ వెలుగులో ఉంచితేనే కంటికి నిజంగా అనిపిస్తుంది.

మంచు సంగతి చెప్పాలి. నిండు రిజర్వాయర్ పక్కన అక్టోబరు చివర గాలి తడిగా ఉంటుంది. ఆకాశం వైపు తిరిగి ఉన్న ముందు గాజు చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడి చెమ్మ పడుతుంది. ఫొటోల్లో అది మొదట చుక్కల చుట్టూ మెత్తటి వలయంలా వస్తుంది, ఆ తర్వాతే మసక. గుడ్డతో తుడిస్తే నిమిషాల్లో మళ్లీ వస్తుంది. 5 వాట్ల యూఎస్‌బీ హీటర్ పట్టీని చీకటి పడకముందే లెన్స్ అంచుకు చుట్టి ఆన్ చేయాలి. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు దాన్ని ఐదారు గంటలు నడుపుతుంది.

డిసెంబరు, జనవరిల్లో రాత్రి పొద్దుపోయాక నీటి మీద పొగమంచు లేస్తుంది, పాలపుంత కేంద్రం కూడా ఉండదు. ఫిబ్రవరి నడుమ మాత్రం ఇంకో అవకాశం ఉంది. రాత్రి పావు తక్కువ తొమ్మిదికి అగస్త్య నక్షత్రం సరిగ్గా దక్షిణాన 18 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. ఒంటరి ప్రకాశమైన చుక్క కాబట్టి చిన్న అలలు ఉన్నా నీళ్లలో తెల్లని నిలువు గీతలా పడుతుంది. దానికి ఉత్తరపు ఒడ్డు కావాలి, ఐఎస్ఓ 1600 చాలు.