ఒకే ఆకు మీది పేనుబంక

డీఎన్ఏ పరీక్ష కోసం ఒక్కో మొక్క నుంచి చాలా పేనుబంక పురుగులు తీశాను. "ఒకే మొక్క నుంచి ఇన్ని పురుగులా? అన్నీ క్లోన్లే కదా, రసాయనాలు దండగ" అని ల్యాబ్ సమావేశంలో అందరి ముందూ అనేశారు మా సూపర్‌వైజర్. మన దగ్గరైతే అప్పటికి తలవంచుకుని, తర్వాత గదికి వెళ్లి నెమ్మదిగా చెప్పుకుంటాం. ఇంగ్లండ్‌లో ఊరుకుంటే జవాబు లేదనుకుంటారు. నేను ఊరుకున్నాను. ఆ జవాబు ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది.

ఆయన అన్నదాంట్లో న్యాయముంది. పేనుబంక మగ తోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. అవన్నీ జన్యువుల్లో తల్లికి నకళ్లే, అంటే ఒకే క్లోన్. కడుపులో ఉన్న పిల్లలోనే దాని పిల్ల కూడా ఎదగడం మొదలవుతుంది. పొలంలో ఎన్ని క్లోన్లున్నాయో తేల్చాలంటే దూరదూరపు మొక్కల నుంచి ఒక్కోటి తీయాలి. లేకపోతే అక్కచెల్లెళ్లనే మళ్లీ మళ్లీ లెక్కపెడతాం.

కానీ ఒక మొక్క మీద ఉన్నవన్నీ అక్కడే పుట్టాయని ఎలా అనుకుంటాం? గుంపు కిక్కిరిస్తే రెక్కల పిల్లలు పుడతాయి. బలంగా ఎగరలేవు గానీ, గాలి అందుకుంటే చాలా దూరం పోతాయి. వీటిని పట్టడానికే ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు 1964 నుంచి 12.2 మీటర్ల ఎత్తున గాలిని పీల్చే గొట్టాలు నడుపుతున్నారు. అలా వచ్చి దిగిన వేరే క్లోన్, అదే ఆకు మీద పాతదాని పక్కనే పిల్లల్ని పెడుతుంది. డీఎన్ఏలో మైక్రోశాటిలైట్లనే గుర్తులు చూస్తే తప్ప తేడా తెలియదు. ఒక్కదాన్నే తీస్తే రెండోది ఉన్నట్టే తెలియదు.

ఇది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో 2011లో పైరెత్రాయిడ్ రకం పురుగుమందులకు లొంగని ధాన్యపు పేనుబంక బయటపడింది. ఆ నిరోధక జన్యువు ఒకే క్లోన్‌లో ఉన్నట్టు తేలింది. జతకట్టే పనిలేదు కాబట్టి ఆ జన్యువు చెక్కుచెదరకుండా పిల్లలకు అందింది.

నాకీ పట్టింపు మన దగ్గరే అబ్బింది. ఇంగ్లండ్‌లో శరదృతువులో పగలు కురచ కాగానే చాలా జాతుల్లో మగవి పుడతాయి, జతకడతాయి, గుడ్లు చలికాలం దాటి కొత్త జన్యు కలయికలతో పొదుగుతాయి. మన వేడికి చాలావాటికి ఆ దశే రాదు. మన దగ్గర వైవిధ్యం రావాలంటే ఉత్పరివర్తన, అంటే జన్యువులో దానంతటదే మార్పు, జరగాలి, లేదా బయటి నుంచి ఓ క్లోన్ ఎగిరి రావాలి. అందుకే మన దగ్గర నాకు పని నేర్పిన మేడమ్ ఆకు మీద ఎవరు పుట్టారు, ఎవరు వచ్చారు అని ముందు అడిగేవారు. ఆవిడ అలా అడిగాకే తిట్టేవారు కూడా. ఆ పద్ధతే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఈసారి గోధుమ చేలో ఆయన చెప్పినట్టే దూరదూరంగా ఒక్కోటి తీస్తాను. కొన్ని మొక్కల మీద మాత్రం రెక్కలున్నవీ లేనివీ విడివిడిగా అన్నీ తీస్తాను, ఎందుకో సమావేశంలోనే ముందుగా చెప్పి.