దేవుని టైం గురించి, ఒంగోలు కొండ గురించి

చర్చిలో సాక్ష్యాలప్పుడు తరచూ వినే మాట, "ఆలస్యమైనా దేవుడు తన సమయంలో చేశాడండీ" అని. వీసా వచ్చినోళ్ళు చెప్తారు, పెళ్ళైన ఎన్నో ఏళ్ళకి బాబు పుట్టినోళ్ళు చెప్తారు, వాళ్ళ సంతోషం చూస్తే మనకీ సంతోషమే, కానీ ఇంకా ఏమీ రాని వాళ్ళ చేతికి మైక్ ఇవ్వరు కదా. నాకు సంబంధాలు చూస్తూనే ఉన్నారు. వందనాలు చెప్పిన ప్రతి ఆంటీ "దేవుని టైం అమ్మా, కనిపెట్టు" (అంటే ఓపిగ్గా ఎదురుచూడు) అని భుజం తట్టి, ఆ వెంటనే "ఇంతకీ ఇప్పుడు నీకెన్నేళ్ళు?" అంటారు.

అందుకే నాకు బైబిల్లోని యోసేపు కథ కంటే మా ఒంగోలు కథే ఎక్కువ దగ్గర. యోసేపుకి 17 ఏళ్ళప్పుడు కలలొచ్చాయి, 30 ఏళ్ళకి ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డాడు, అన్నీ తన కళ్ళతోనే చూసుకున్నాడు. శామ్యూల్ డే గారికి అలా జరగలేదు. ఆయన అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ, 1840లో నెల్లూరొచ్చారు, ఏళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే, ఇక ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో మిషన్ పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు కూడా. 1853లో ఒంట్లో బాగోక ఆయన వెళ్ళిపోయారు.

1854 జనవరి 1న తెల్లారుజామున అదే మిషన్‌లో ఉన్న లైమన్ జ్యూయెట్ గారూ ఆయన భార్యా, ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపు ప్రభువా అని ప్రార్థన చేశారు. ఆ సేవకుడు, అంటే అదే మిషన్‌కి చెందిన జాన్ క్లౌ దొర, ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో!

ఇక 1876-78 కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్ట్ తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి చూపించారు, పని ఆపి కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ళ మధ్యే కూర్చుని వాక్యం చెప్పేవారు. జనం బాప్తిస్మం ఇవ్వమని అడిగారు, ఆయన ఇవ్వలేదు. కూలి డబ్బుల కోసం వస్తున్నారేమో అన్న అనుమానం ఉండకూడదని కరువు పనులు ముగిసేదాకా ఆగారు (బియ్యం కోసం మారారు అని ఎత్తిపొడిచేవాళ్ళు ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు లెండి). పనులు అయిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం.

డే గారు 1871లోనే పోయారు.

నాకు ఇక్కడే గుండె ఆగుతుంది. దేవుని టైం మన ఆయుష్షు లోపలే పడాలని రూలేం లేదన్నమాట. బైబిల్లో హెబ్రీ 11:13లో కూడా అబ్రాహాము లాంటి విశ్వాసులు వాగ్దాన ఫలం అనుభవించకుండానే, దూరం నుంచి చూసి వందనం చేసి చనిపోయారనే ఉంది, ఈ వచనం మీద మన దగ్గర ప్రసంగాలు తక్కువ, ఎందుకంటే దీనికి ఆమెన్ గట్టిగా రాదు.

అలాగని అడగడం మానేయాలని నేననుకోను, నేనైతే మానలేదు. 13వ కీర్తనలో దావీదు ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళు అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, అదే కీర్తన చివర్లో పాడతానంటాడు, ఈ మధ్యలో అతని పరిస్థితి మారినట్టు ఎక్కడా రాసి లేదు.