ఇందిరా గాంధీ ప్రశ్న: నా జవాబు ఎక్కడ మారింది?

మాది మెదక్ జిల్లా. 1980లో ఇందిరా గాంధీ రాయ్‌బరేలీతో పాటు ఇక్కడా గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. మా నానమ్మకు ఆమె ఎప్పటికీ ఇందిరమ్మే. ఆ అభిమానంలో పెరిగిన నాకు గ్రూప్-1 మెయిన్స్ ప్రిపరేషన్‌లో అదే అడ్డొచ్చింది.

ఇందిర పాలనను విమర్శనాత్మకంగా సమీక్షించమని ఒక ప్రాక్టీస్ టెస్టులో అడిగారు. ఐదు మంచి పనులు, ఐదు తప్పులు రాసి, చివర్లో గొప్ప నాయకురాలని ముగించాను. పేపరు దిద్దిన సారు పక్కన ఒక్క ముక్కే రాశారు: ఇది జాబితా. చాలా బాధేసింది, కానీ ఆయన మాట నిజం.

ఆ రాత్రి తేదీలన్నీ ఒకే కాగితం మీద వరుసగా రాసుకున్నాను. 1969 జులై 19న ఆర్డినెన్సుతో 14 బ్యాంకుల జాతీయకరణ. 1970లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే మళ్లీ తెచ్చారు. మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే రాజభరణాల రద్దు ఉత్తర్వునూ కోర్టు కొట్టేసింది. 1971లో ప్రజల దగ్గరికి వెళ్లి, భారీగా గెలిచి, 26వ సవరణతో రద్దు చేశారు. ఇక 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నికే చెల్లదంది. జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. ఆగస్టులో 39వ సవరణ ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచే తప్పించింది.

కోర్టు కాదంటే రాజ్యాంగాన్నే మార్చడం రెండుసార్లూ జరిగింది. 26వ సవరణ వెనుక ప్రజల తీర్పు ఉంది, 39వ సవరణ వెనుక ఆమె సొంత పదవి ఉంది. నా జవాబుకు వెన్నెముక అక్కడే దొరికింది. దాన్ని పట్టుకుంటే మంచీ చెడూ విడివిడిగా రాయాల్సిన పని లేదు.

ఇదే పాలిటీకీ (రాజ్యాంగం, పాలన సబ్జెక్టు) పనికొస్తుంది. ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన 44వ సవరణ, ఎమర్జెన్సీ విధించే 352వ అధికరణలో 'అంతర్గత అల్లకల్లోలం' తీసేసి 'సాయుధ తిరుగుబాటు' ఎందుకు పెట్టిందో, 20, 21 అధికరణలను (నేరారోపణల్లో రక్షణ, ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛలు) ఎమర్జెన్సీలోనూ ఆపకూడదని ఎందుకు అందో బట్టీ పట్టక్కర్లేదు. ఎమర్జెన్సీలో నిర్బంధించినవారు విడుదల కోసం కోర్టుకు వెళ్లలేరని సుప్రీంకోర్టు చెప్పిన ఏడీఎం జబల్‌పూర్ కేసులో జస్టిస్ ఖన్నా ఒక్కరే రాసిన భిన్నాభిప్రాయం గురించి ఒక్కసారి నిదానంగా చదవండి. నాకైతే ఆ రోజు చదువు ముందుకు సాగలేదు.

మన అప్లికేషన్‌లో స్థానికులమా కాదా అని నింపే లోకల్ కాలమ్ కూడా ఆమె కాలానిదే. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత ప్రత్యేక ఆంధ్ర కోరిన జై ఆంధ్ర ఉద్యమం. రాష్ట్రాన్ని విడదీయడానికి ఆమె ఒప్పుకోలేదు. 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ సవరణతో ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు అవకాశాలు చూసే 371-డి అధికరణ వచ్చాయి.

మహిళల కోణం అడిగితే ఒక అంకె గుర్తుంచుకోండి: ఆమె పదకొండేళ్లు ప్రధానిగా ఉన్నాక, 1977 లోక్‌సభకు ఎన్నికైన మహిళలు 19 మందే.

1984 ఆగస్టులో గవర్నర్ ఎన్టీఆర్‌ను తొలగించడం, నెల రోజులకే ఆయన తిరిగి రావడం మీకు వదిలేస్తున్నాను. సమాఖ్య వ్యవస్థ కోణంలో, పదిహేను నిమిషాల్లో, పుస్తకం మూసి రాసి చూడండి.