ఫిల్టర్ మార్చే రోజును నీళ్ళే చెప్పాలి

మూడేళ్ళ క్రితం వేసవిలో మా వంటింటి గోడకున్న, తాగేనీటిని శుద్ధిచేసే ఆర్ఓ యంత్రం అంతకు ముందెన్నడూ లేనంత వేగంగా నీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. 8 లీటర్ల ట్యాంకు నిండడానికి మామూలుగా 50 నిమిషాలు పట్టేది. ఆ ఏప్రిల్‌లో అరగంటకే నిండిపోయేది. నీళ్ళు వెచ్చబడితే మెంబ్రేన్ (యంత్రంలో ఉప్పును ఆపే పొర) గుండా కొంచెం త్వరగా దిగుతాయని తెలుసు కనుక ఎండల వల్లే అనుకొని సంతోషించాం. ఏదో తేడా జరిగిందని మొదట కనిపెట్టింది మా అత్తగారు. "పప్పు ఉడకడం లేదమ్మా, నీళ్ళేమైనా మారాయా?" అని వరుసగా రెండు రోజులు అడిగారు. కందిపప్పు మారలేదు, కుక్కరు మారలేదు. ఉప్పునీటిలో పప్పు త్వరగా ఉడకదన్నది ఆవిడకు బావినీళ్ళ కాలం నాటి అనుభవం.

లీటరు నీటిలో కరిగిన లవణాలు సుమారు ఎన్ని మిల్లీగ్రాములో చూపే టీడీఎస్ మీటరు పక్క ఫ్లాటువారి దగ్గర అడిగి తెచ్చి చూశాను. నల్లా నీరు 640 చూపింది, యంత్రం నుంచి వచ్చే నీరు 230 చూపింది. యంత్రం కొత్తగా బిగించిన రోజున ఇవే నీళ్ళకు 50 వచ్చినట్టు గోడమీది కాగితంలో రాసి ఉంది. అంటే ఒకప్పుడు నూటికి 92 పాళ్ళ లవణాలను ఆపిన మెంబ్రేన్ ఇప్పుడు 64 పాళ్ళే ఆపుతోంది. నీళ్ళు వేగంగా రావడానికీ, పప్పు ఉడకకపోవడానికీ కారణం ఒకటేనని, మెంబ్రేన్ పొర దెబ్బతిన్నదని ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాకగాని నాకు అర్థం కాలేదు.

ఎందుకు దెబ్బతిన్నదో తెలుసుకోవడానికి ఇంకొంత కాలం పట్టింది. ఇళ్ళలో వాడే ఆర్ఓ మెంబ్రేన్‌లో అసలు పని చేసేది పాలీఅమైడ్ అనే అతి పల్చని పొర. అది ఉప్పును ఆపగలదు గాని క్లోరిన్‌ను తట్టుకోలేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న నీరు 200 నుంచి 1000 గంటలు తగిలితే చాలు, పొర క్షీణించడం మొదలవుతుందని మెంబ్రేన్ తయారీదారుల సాంకేతిక పత్రాల్లోనే ఉంటుంది. అలా క్షీణించిన పొర గుండా నీరు సులువుగా పోతుంది, నీటితోపాటు ఉప్పూ పోతుంది. క్లోరిన్ మెంబ్రేన్ దాకా రాకుండా ఆపవలసింది దానికి ముందుండే కార్బన్ ఫిల్టర్. మా కార్బన్ ఫిల్టర్‌కు అప్పటికి పది నెలలు. "ఏడాది కాలేదు కదా" అని నేను ఊరుకున్నాను. సరిగ్గా ఉగాదికి ముందు మా అపార్టుమెంటు సంపు కడిగించి బ్లీచింగ్ పౌడర్ చల్లారు. వారం రోజులు స్నానాల గదిలో కూడా ఆ వాసన వచ్చింది. పది నెలలుగా నగర నీటి క్లోరిన్‌ను పీల్చి అలసిపోయిన కార్బన్ ఆ వారాన్ని తట్టుకోలేకపోయింది. 350 రూపాయల కార్బన్ ఫిల్టర్ రెండు నెలలు ముందు మార్చి ఉంటే 1,800 రూపాయల మెంబ్రేన్ మిగిలేది. డబ్బు సంగతి అటుంచి, ఇంట్లో పెద్దవారూ చిన్నవారూ ఎన్ని వారాలు ఆ నీరు తాగారో చెప్పలేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

అప్పటినుంచి ఫిల్టర్లను తేదీ చూసి మార్చడం మానేసి, నీళ్ళు చూసి మారుస్తున్నాను. ఆరు నెలలు, ఏడాది అని డబ్బా మీద ముద్రించే గడువు ఏదో ఒక సగటు నీటిని ఊహించుకొని వేసిన లెక్క. హైదరాబాద్‌లోని మా కూకట్‌పల్లిలో ఒకే సంపులోకి రోజు విడిచి రోజు నగర నీరు, మిగిలిన రోజుల్లో బోరు నీరు, మే నెలలో ట్యాంకరు నీరు పడతాయి. నగర నీటిని ఇక్కడి వారు ఇప్పటికీ మంజీరా నీళ్ళనే అంటారు. నిజానికి ఆ గొట్టాల్లో కృష్ణ, గోదావరి కూడా ఏనాడో కలిశాయి. ఈ మూడు రకాల నీళ్ళకూ ఫిల్టర్లు మూడు రకాలుగా అరుగుతాయి.

యంత్రం బయట, నల్లాకు దగ్గరగా ఉండే పారదర్శకమైన గిన్నెలో తెల్లని స్పన్ క్యాండిల్ ఉంటుంది. మట్టినీ తుప్పునూ ఆపడం దాని పని. సాధారణంగా 5 మైక్రాన్ల రకం వాడతారు. దానికి పరీక్ష అక్కరలేదు, రంగే చెబుతుంది. మాకు వానాకాలంలో మూడు నెలలకు లేత గోధుమ రంగుకు తిరిగేది, ట్యాంకర్లు వచ్చే మే నెలలో ఇరవై రోజులకే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. మా అమ్మ చిన్నప్పుడు చెరువు నీళ్ళు తెచ్చిన కడవ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేవారట. కాసేపటికి మట్టి అడుక్కు దిగి పైన తేటనీరు మిగిలేది. క్యాండిల్ చేసేదీ దాదాపు అదే మేలు, తేట చేయడం వరకే. కరిగి ఉన్న ఉప్పునుగాని ఫ్లోరైడ్‌నుగాని చిల్లగింజా తీయలేదు, క్యాండిలూ తీయలేదు. క్యాండిల్ మూసుకుపోతే లోపలి పంపుకు నీరు అందక అది గురకపెట్టినట్టు శబ్దం చేస్తుంది. ఆ శబ్దం వచ్చేదాకా ఆగితే పంపు పాడవుతుంది.

కార్బన్ విషయంలో రంగు పనికిరాదు, ఎందుకంటే లోపలిది కనిపించదు. గ్రామ పంచాయతీల్లో నీటి సిబ్బంది వాడే క్లోరోస్కోప్ లాంటిది ఒకటి కొనుక్కున్నాను. నీటిలో నాలుగు చుక్కల ద్రావణం వేస్తే క్లోరిన్ ఉన్నంత మేరకు పసుపు రంగు తిరుగుతుంది. నల్లా నీటికి పసుపు రావాలి. మన ప్రమాణాల ప్రకారం కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు క్లోరిన్ మిగిలి ఉండాలి. కార్బన్ దాటి మెంబ్రేన్‌లోకి పోయే గొట్టం తీసి పట్టిన నీటికి మాత్రం ఏ రంగూ రాకూడదు. లేత పసుపు కనిపించినా ఆ రోజే కార్బన్ మార్చేస్తాను. పరీక్ష చేసిన నీటిని తాగకుండా పారబోయాలని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇక మెంబ్రేన్. అది పాడయ్యే దారులు రెండు, వాటి లక్షణాలు ఒకదానికొకటి వ్యతిరేకం. క్లోరిన్ తగిలితే నీరు త్వరగా వస్తుంది, టీడీఎస్ పెరుగుతుంది. మాకు జరిగింది ఇది. బోరు నీటి సున్నం పేరుకుంటే నీరు సన్నగా వస్తుంది, టీడీఎస్ మొదట్లో పెద్దగా మారదు. అందుకని నెలకొకసారి రెండు కొలతలు రాసుకుంటాను. ఒకటి లోపలికి వచ్చే నీటికీ బయటికి వచ్చే నీటికీ మధ్య టీడీఎస్ తేడా, రెండోది ఒక లీటరు నిండడానికి పట్టే సమయం. బయటి నీటి అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే వానాకాలంలో వచ్చే నీరే పల్చన గనుక పాడైన మెంబ్రేన్ కూడా మంచి అంకె చూపిస్తుంది. ఆపుతున్న శాతం లెక్కకట్టుకోవాలి. అది 80కి దిగితే నేను కొత్తది తెప్పిస్తాను. ఇంకొక సంగతి, చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపే చిన్న మర ఉంటుంది. కొలిచే ముందు దాన్ని పూర్తిగా మూయకపోతే, మెంబ్రేన్ బాగున్నా పాడైనట్టు కనిపిస్తుంది.

ఈ కొలతల విలువ నాకు పూర్తిగా తెలిసింది మా అమ్మ ఇంట్లో. అమ్మ నల్గొండ జిల్లాలో ఉంటుంది. వంకర తిరిగిన కాళ్ళు, గారపట్టిన పళ్ళు చూస్తూ పెరిగిన మాకు ఫ్లోరైడ్ అంటే పుస్తకంలోని మాట కాదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే విధానాన్ని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించినప్పుడు దానికి 'నల్గొండ పద్ధతి' అని మా జిల్లా పేరే పెట్టారు. ఇప్పుడు అమ్మకు మిషన్ భగీరథ నీరు వస్తుంది; అది రాని రోజుల్లో బోరు నీరే దిక్కు కనుక ఇంట్లో చిన్న ఆర్ఓ పెట్టించాం. ఒకరోజు ఫోన్ చేసి "నీళ్ళు మల్ల ఉప్పగ అనిపిస్తున్నయ్ బిడ్డా" అంది. ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది కనుక అమ్మ చెప్పగలిగింది. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే ఆధారం లేనిచోట ఒకటిన్నర వరకు మాత్రమే అనుమతించవచ్చని ప్రమాణం ఉన్న పదార్థం అది. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపలేదు, కాని మెంబ్రేన్ లవణాలను ఆపడం మానేసిందని చూపిస్తే ఫ్లోరైడ్‌ను కూడా ఆపడం లేదనే అనుకోవాలి. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్ళి మెంబ్రేన్ మార్చాను.

మార్చే పని కష్టమైనది కాదు, శుభ్రంగా చేయవలసినది. ముందు నల్లా కట్టేసి, ప్లగ్గు తీసి, ట్యాంకు ఖాళీ చేస్తాను. గొట్టాలు ఏవి ఎక్కడికి పోతున్నాయో ఫోన్‌తో ఒక ఫొటో తీస్తాను. ఈ చిన్న పని చేయకపోతే చివర్లో రెండు తెల్ల గొట్టాలు చేతిలో పట్టుకొని నిలబడవలసి వస్తుంది. గొట్టాన్ని బలంగా లాగకూడదు. చుట్టూ ఉన్న చిన్న ప్లాస్టిక్ రింగును వేలితో నొక్కిపట్టి లాగితే సులువుగా వస్తుంది. క్యాండిల్ ఉండే గిన్నెలో జిగురుగా పట్టిన పాకుడును గుడ్డతో తుడిచి కడుగుతాను. గాడిలో ఉండే రబ్బరు రింగును కడిగి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, సరిగ్గా గాడిలోనే కూర్చోబెడతాను. గిన్నె బిగించేటప్పుడు చేతి బలమే చాలు. స్పానరుతో బిగిస్తే ఆ రోజు కారదు గాని కొన్నాళ్ళకు పగులు వస్తుంది.

సెడిమెంట్ (మట్టిని ఆపే), కార్బన్ ఫిల్టర్ గొట్టాల మీద నీరు పోయే దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది, దాన్ని చూడకుండా బిగించకూడదు. కొత్త కార్బన్ నుంచి మొదట నల్లని పొడి వస్తుంది. అది మెంబ్రేన్‌లోకి పోతే కొత్త మెంబ్రేన్ మొదటి రోజే మసిబారుతుంది కనుక, కార్బన్ తరువాతి గొట్టాన్ని బకెట్లో పెట్టి నీరు తేటపడేదాకా వదులుతాను. చాలామంది మెకానిక్కులు తొందరలో ఈ పని వదిలేయడం చూశాను. మీరు స్వయంగా మార్చకపోయినా పక్కన నిలబడి ఈ ఒక్కటీ అడిగి చేయించుకోండి.

మెంబ్రేన్ ముట్టుకొనే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రెండు చిన్న రబ్బరు రింగులున్న సన్నని కొస గూడు లోపలికి పోవాలి, పెద్ద రబ్బరు చుట్టు మూతవైపు ఉండాలి. మెంబ్రేన్‌తోపాటే, ఆపిన ఉప్పుతో వృథా నీరు బయటికి పోయే రిజెక్టు గొట్టంలో ధారను అదుపుచేసే ఫ్లో రెస్ట్రిక్టర్ కూడా మారుస్తాను. వేలెడంత కూడా లేని ఆ ముక్క మూసుకుపోతే ఉప్పు బయటికి పోయే దారి లేక, సున్నం మెంబ్రేన్ మీదే పేరుకుంటుంది. రిజెక్టు నీరు తగ్గిందంటే ఆదా అయిందని సంబరపడకూడదు. కొత్త మెంబ్రేన్‌ను పాడవకుండా ఉంచే రసాయనం కడుక్కుపోవాలి కనుక మొదటి రెండు ట్యాంకుల నీటిని తాగకుండా ఇల్లు తుడవడానికి వాడతాం. ఆ రాత్రి యంత్రం కింద పాత వార్తాపత్రిక పరుస్తాను. కంటికి కనిపించని చెమ్మ కూడా పొద్దున్నకు కాగితం మీద మరకై తెలుస్తుంది.

యంత్రంలో ఉండే అతినీలలోహిత (యూవీ) దీపం గురించి ఒక మాట. అది వెలుగుతోంది కనుక పనిచేస్తోందనుకోవడం పొరపాటు. సూక్ష్మజీవులను చంపే కిరణాలు కంటికి కనిపించవు. నీలి వెలుగు ఉన్నా ఎనిమిది తొమ్మిది వేల గంటల తరువాత ఆ కిరణాలు క్షీణిస్తాయి. దీపానికి మాత్రం గంటల లెక్కే ఆధారం.

అసలు మీకు ఏడాది పొడుగునా 300 లోపు టీడీఎస్ ఉన్న నగర నీరే వస్తుంటే, ఇంత శ్రమ పడి మెంబ్రేన్‌ను కాపాడుకోవడం కంటే మెంబ్రేన్ లేని యంత్రం పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా నీటి వృథాను చూసే. మాకు బోరు కలుస్తుంది కనుక తప్పలేదు.

కిందటి సంవత్సరం మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో ఒక్కటే అడిగాను. సంపు కడిగే తేదీ, బ్లీచింగ్ చల్లే తేదీ రెండు రోజులు ముందుగా లిఫ్టు పక్కన బోర్డు మీద రాయాలని. వాళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ బోర్డు చూసిన సాయంత్రం స్టీలు బిందెలు రెండు నింపుకొని, యంత్రానికి నీరు పోయే నల్లా కట్టేస్తాను. నల్లా నీటిలో చుక్కలు వేసినప్పుడు ముదురు పసుపు పోయి లేత పసుపుకు దిగిన రోజున మళ్ళీ తెరుస్తాను. ఆ వేసవిలో బిగించిన మెంబ్రేన్ ఇప్పటికీ 88 శాతం ఆపుతోంది.