స్టాప్ అన్నాక నిజంగా ఆగాలి

భీమవరం రొయ్యల ప్లాంట్లలో గానీ తణుకు వైపు రైసు మిల్లుల్లో గానీ కాటా బిల్లింగుకు రెండు లినక్స్ సర్వర్లు పెట్టి, ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది. ఆ అందుకునే పని చూసుకునే పేస్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం తేలికే. తేడా వచ్చేది సర్వీసును స్టార్ట్, స్టాప్ చేసి స్టేటస్ చెప్పే పాత ఇనిట్ స్క్రిప్టు దగ్గరే.

స్క్రిప్టు తెర మీద ఏం రాసినా పేస్‌మేకర్‌కు పట్టదు, చూసేది ఎగ్జిట్ కోడే, అంటే ముగిసేటప్పుడు స్క్రిప్టు తిరిగిచ్చే అంకె. స్టేటస్ అడిగితే నడుస్తుంటే 0, ఆగి ఉంటే 3 రావాలి. చాలా పాత స్క్రిప్టులు "ఆగి ఉంది" అని రాసి 0 ఇచ్చేస్తాయి. దాంతో క్లస్టరు (పేస్‌మేకర్ కలిపి నడిపే ఆ రెండు సర్వర్ల జట్టు) రెండు చోట్లా నడుస్తోందనుకుని, రెండింటినీ ఆపి ఒకచోట మళ్లీ మొదలుపెడుతుంది. నడుస్తున్నదానికి స్టార్ట్ ఇచ్చినా, ఆగినదానికి స్టాప్ ఇచ్చినా 0 రావాలి.

అసలు ప్రమాదం స్టాప్‌లో ఉంది. మన కాలవ లాకుల దగ్గర ఒకవైపు తలుపులు పూర్తిగా మూశాకే రెండోవైపు తెరుస్తారు కదా, ఇదీ అంతే. ప్రాసెస్‌కు ఆగమని కిల్ పంపి వెంటనే 0 ఇచ్చేస్తే, పాత ప్రాసెస్ ఇంకా డిస్కు మీద రాస్తుండగానే రెండో సర్వర్ మొదలవుతుంది. రెండు సర్వర్లూ వాడే షేర్డ్ డిస్కయితే డేటాబేసు పాడైనట్టే. అందుకని ముందు టర్మ్ సిగ్నల్ (పని ముగించుకుని ఆగమనే సూచన) పంపండి. సెకనుకోసారి ప్రాసెస్ ఉందో లేదో చూస్తూ 30 సెకన్లు ఆగండి. అప్పటికీ పోకపోతే కిల్ 9, అంటే బలవంతంగా చంపడమే. పోయిందని తేలాకే పిడ్ ఫైలు (ప్రాసెస్ నంబరు రాసి ఉంచే ఫైలు) తీసేసి 0 ఇవ్వండి. పేస్‌మేకర్ మామూలుగా ఇచ్చే గడువు 20 సెకన్లే, కాబట్టి స్టాప్ టైమవుట్ 60కి పెంచండి. లేదంటే మధ్యలోనే స్క్రిప్టును చంపేసి స్టాప్ ఫెయిలైందని రాసుకుంటుంది. అప్పుడు ఫెన్సింగ్ (మాట వినని సర్వర్‌ను బయటి నుంచి బలవంతంగా ఆపే ఏర్పాటు) ఉంటే ఆ సర్వర్‌నే రీసెట్ చేస్తుంది. లేకపోతే సర్వీసు అక్కడే ఇరుక్కుంటుంది, రెండోదానికి వెళ్లదు.

తుపాను రోజుల్లో కరెంటు ఠక్కున పోతే డిస్కు మీది పిడ్ ఫైలు అలాగే మిగిలిపోతుంది. మళ్లీ బూటయ్యాక అదే నంబరు ఇంకో ప్రాసెస్‌కు రావచ్చు. నంబరొక్కటే నమ్మకుండా ప్రోక్‌లో (నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే /proc) కమాండ్ పేరు కూడా సరిచూడాలి.

మొదలుపెట్టే పని పేస్‌మేకర్‌దే కాబట్టి, బూట్‌లో తనంతట తాను మొదలవకుండా సర్వీసును డిసేబుల్ చెయ్యడం మరవద్దు.

స్క్రిప్టును ఓసీఎఫ్ ఏజెంటుగా (క్లస్టర్ల కోసమే ఉన్న స్క్రిప్టు పద్ధతి) మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. అక్కడ స్టేటస్ బదులు మానిటర్, ఆగి ఉంటే 7. పాత 3ను అలాగే వదిలేస్తే "ఈ పని నాకు రాదు" అని అర్థం.

చివరగా చేత్తో స్టార్ట్, స్టార్ట్, స్టేటస్, స్టాప్, స్టాప్, స్టేటస్ వరసగా నడిపి కోడ్‌లు చూడండి. 0, 0, 0, 0, 0, 3 వచ్చాకే క్లస్టరుకు అప్పజెప్పండి.