ఎకనామిక్స్ ఆప్షనల్: చిలీతో రెండు వారాలు

ముడిసరుకు ఎగుమతి చేసే దేశాల్లో ఆదాయ అసమానతల గురించిన ప్రశ్నకు సివిల్స్ టెస్ట్ సిరీస్‌లో నాకు 20కి 6 వచ్చాయి. దేశం ఎదిగేకొద్దీ అసమానత మొదట పెరిగి తర్వాత తగ్గుతుందనే కుజ్నెట్స్ వక్రరేఖ గీశాను, పారిశ్రామిక వస్తువులతో పోలిస్తే ముడిసరుకు ధరలు కాలక్రమేణా పడిపోతాయనే ప్రెబిష్-సింగర్ వాదం రాశాను, ఒక్క దేశం పేరు మాత్రం ఎత్తలేదు. దిద్దిన సారు పక్కన "ఎక్కడ? ఎప్పుడు?" అని రాశారు. కోపం వచ్చింది గానీ ఆయన అడిగింది న్యాయమే.

అలా చిలీని పట్టుకున్నాను. 1879లో మొదలైన యుద్ధంలో పెరూ, బొలీవియాల చేతిలోని, ఎరువుకు వాడే నైట్రేట్ దొరికే ఎడారి చిలీ వశమైంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ప్రభుత్వ రాబడిలో దాదాపు సగం నైట్రేట్ ఎగుమతి సుంకమే. ఖజానా అలా నిండుతుంటే భూస్వాములపై పన్ను వేసే అవసరమేముంది? అక్కడి కూలీకి మాత్రం జీతం చాలాచోట్ల డబ్బుగా కాక, కంపెనీ ముద్ర ఉన్న బిళ్లలుగా ముట్టేది. వాటిని 'ఫిచా' అనేవారు. అవి ఆ కంపెనీ కొట్లోనే చెల్లుతాయి, నగదుగా మార్చుకోబోతే కోత పడుతుంది. 1907లో సమ్మె చేసి ఇకీకే రేవుకు దిగివచ్చిన కార్మికులు ఆ కోత వద్దన్నారు. చిలీ కరెన్సీ అయిన పెసోకు 18 బ్రిటిష్ పెన్సుల లెక్కన జీతం కట్టమన్నారు. పెసో విలువ పడితే ఎగుమతిదారుకు లాభం, కూలీ సంచిలో సరుకు మాత్రం తగ్గుతుంది. మారకపు రేటుకూ అసమానతకూ ఉన్న ముడి నాకు ఇక్కడే అర్థమైంది. డిసెంబరు 21న సాంతా మరియా పాఠశాలలో ఉన్న ఆ కార్మికులపై సైన్యం కాల్పులు జరిపింది.

నేను బోల్తాపడింది రాగి దగ్గర. 1971లో పెద్ద రాగి గనులను జాతీయం చేశారు. "గని ప్రభుత్వానిది, కనుక అసమానత తగ్గింది" అని నోట్సులో రాసేసుకున్నాను. తీరా చూస్తే, 1973లో గద్దెనెక్కిన సైనిక నియంత పినోచెట్ కూడా ఆ గనులను పాత కంపెనీలకు తిరిగి ఇవ్వలేదు. 1976లో వాటి కోసం కొడెల్కో అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. అయినా అసమానత పెరిగింది! కార్మిక సంఘాలను అణచివేశారు, 1979 చట్టంతో జీతాల బేరం ఏ సంస్థకు ఆ సంస్థలోనే ఆగిపోయింది, 1982 సంక్షోభం ఎందరినో ఉపాధికి దూరం చేసింది. ఆ వాక్యం కొట్టేసి, ప్రతి దశకూ మూడు గడులు గీశాను: సుంకం ఎవరికి, కూలీ ఎంత, భూమి ఎవరిది.

తర్వాతి టెస్టులో 11 వచ్చాయి. ఆదాయ అసమానతను కొలిచే గిని సూచిక (ఎంత ఎక్కువైతే అంత అసమానత) చిలీలో 1990లో 57 దగ్గర, 2017లో 44 దగ్గర. మరి 2019 అక్టోబరులో మెట్రో ఛార్జీ 30 పెసోలు పెంచితే సాంటియాగో ఎందుకు భగ్గుమంది? ఆ గడి ఇంకా సగమే నిండింది.